కిస్సిమ్మీ నది పునరుద్ధరణ

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో తిన్నని కాలువగా మార్చిన కిస్సిమ్మీ నదిని, కొంత మేరకు పాత మెలికల్లోకి, పాత ముంపు మైదానంలోకి తిరిగి మళ్లించిన కార్యక్రమం.

పూర్వస్థితి: కిస్సిమ్మీ సరస్సు నుంచి దక్షిణాన ఒకీచోబీ సరస్సు దాకా ఈ నది సుమారు 166 కి.మీ. వంకలు తిరుగుతూ పారేది. గట్లు దాటిన నీరు నెలల తరబడి మైదానంలో నిలిచేది. చేపలకు, కొంగలకు, చలికాలపు వలస బాతులకు అదే ఆవాసం. 19వ శతాబ్ది చివర పారిశ్రామికవేత్త హామిల్టన్ డిస్టన్ చేయించిన తవ్వకాలతో ఇక్కడ ఆవిరి పడవలు తిరిగాయి.

కాలువ తవ్వకం: 1947 తుపానుల ముంపు తర్వాత వరద నివారణ కోరిక బలపడింది. 1948లో అమెరికా కాంగ్రెస్ మధ్య, దక్షిణ ఫ్లోరిడా పథకాన్ని ఆమోదించింది. 1962-71 మధ్య సైనిక ఇంజనీర్ల విభాగం దాదాపు 90 కి.మీ. పొడవు, 9 మీటర్ల లోతున సి-38 కాలువను తవ్వింది. వరద తగ్గింది, దానితోపాటే నదీ పోయింది. మైదానం ఎండి పచ్చికబయలైంది. కదలిక లేని పాత పాయల్లో కలుపు, బురద పేరుకొని నీటిలో ప్రాణవాయువు పడిపోయింది. వలస బాతుల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా రావడం మానేశాయి.

పునరుద్ధరణ: కాలువ పూర్తికాకముందే నిరసన మొదలైంది. రచయిత్రి మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్, పర్యావరణవేత్త ఆర్థర్ మార్షల్ పట్టు విడవకుండా ప్రచారం సాగించారు. 1976లో రాష్ట్ర శాసనసభ పునరుద్ధరణ చట్టం చేసింది. 1983లో గవర్నర్ బాబ్ గ్రాహం దక్షిణ ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల రక్షణ కార్యక్రమంలో ఈ నదిని చేర్చారు. 1984 నుంచి కాలువలో ఉక్కు అడ్డుకట్టలు వేసి, నీటిని పాత పాయల్లోకి తోసి చూశారు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నమూనా నదిపై ప్రయోగాలు జరిపింది. అడ్డుకట్టలు చాలవు, కాలువను పూడ్చడమే మార్గమని తేలింది. 1992లో కాంగ్రెస్ అనుమతించింది.

1999లో పూడ్చివేత ప్రారంభమైంది. కాలువ తవ్వి గట్టున పోసిన మట్టినే మళ్లీ అందులో నింపడం ఈ పనిలోని తెలివైన అంశం. 2000లో ఎస్-65బి నీటి నియంత్రణ కట్టడాన్ని పేల్చివేశారు. 2001లో తొలిదశ ముగిసేసరికి ప్రవాహం పాత బురదను కడిగివేసి ఇసుక తిన్నెలు వేయసాగింది. ప్రాణవాయువు పెరిగింది, నీటి పక్షులు తిరిగి వచ్చాయి.

2021లో ప్రధాన నిర్మాణ పనులు పూర్తయ్యాయి. సుమారు 35 కి.మీ. కాలువను పూడ్చగా 70 కి.మీ. నది మళ్లీ పారింది. ఎగువన, దిగువన మిగిలిన సి-38 నేటికీ వరద కాలువగానే ఉంది.