వయసు మళ్ళిన స్త్రీల శ్రమశక్తి

వయసు మళ్ళిన స్త్రీకి మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఆ దోషం వయసుదా, కదలకుండా కూర్చోవడానిదా? ఈ ప్రశ్న ఆడవారి గురించి అడగడానికి శాస్త్రానికి చాలాకాలం పట్టింది.

1938లో అమెరికాలోని హార్వర్డ్‌లో సిడ్ రాబిన్‌సన్ వయసుతోపాటు శ్రమశక్తి ఎలా తగ్గుతుందో పరిశీలించారు. 6 ఏళ్ళ బాలుడి నుంచి 91 ఏళ్ళ వృద్ధుడి దాకా ఆయన పరీక్షించినవారందరూ మగవారే. 1960లో స్వీడన్‌లో ఇర్మా ఆస్ట్రాండ్ స్త్రీలచేత కూడా సైకిలు యంత్రం తొక్కించి, వారు వినియోగించుకునే ప్రాణవాయువును కొలిచారు. అయితే వారి వయసు 65 దాటలేదు.

1990లో బోస్టన్‌లో సగటున 90 ఏళ్ళున్న పదిమంది స్త్రీపురుషులచేత 8 వారాలపాటు బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టించారు. పూర్తిచేసినవారి కాళ్ళ బలం సగటున రెట్టింపు దాటింది.

1997లో అమెరికా పరిశోధకులు స్త్రీల మీద అంతకుముందు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించారు. వ్యాయామం చేసేవారికీ వయసుతో శక్తి తగ్గుతుంది. కానీ అదే వయసులో కూర్చుని ఉండేవారికంటే వారికి ఎక్కువే మిగులుతుంది.

ఆ మిగులే ముఖ్యం. బిందె ఎత్తడానికి, గుడి మెట్లెక్కడానికి ఇంకొకరి చెయ్యి కావాలో వద్దో తేల్చేది అదే. "పెద్దదానివి, కూర్చో అమ్మా" అనడం ప్రేమే. ఆ ప్రేమతోనే రోజూ కాసేపు ఆమెతో కలిసి నడవండి.