జుట్టు ఆరేంత తీరిక

ఆడవాళ్ల చరిత్రలో తలస్నానం ప్రసక్తి రాదు. తల ఆరబెట్టుకోవడం అసలే రాదు. కానీ 2022 దాకా కృష్ణా జిల్లా మెట్టగా ఉండి, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో చేరిన మా జగ్గయ్యపేట, నందిగామ వైపు ఆడవాళ్లను తలుచుకుంటే, జుట్టు ఆరేంత సేపు ఎవరికి దొరికింది అన్నది నాకు చరిత్ర ప్రశ్నగానే తోస్తుంది.

మా అమ్మమ్మ కాలంలో కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్లలో నానేసి, ఆ రసంతో తలంటేవాళ్లు. పాత పంచెగుడ్డ చుట్టి తడి పీల్చాక ఎండలో పాయలు విడదీసేవాళ్లు. బాలింతలకైతే నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరిచేవాళ్లు. వేడికీ వెంట్రుకకీ మధ్య ఎడం ఉండాలని వాళ్లకు తెలుసు. అయితే ఆ నీళ్లు మోసిందీ, నిప్పులు చేసిందీ మరో ఆడమనిషే.

బ్రాహ్మణ, మరికొన్ని కులాల ఇళ్లలో భర్త పోతే ఆరబెట్టుకోవడానికి జుట్టే ఉంచలేదు. 1856లో వితంతు వివాహ చట్టం వచ్చినా, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినా, ఆ కత్తి వెంటనే ఆగలేదు. ఇక మిరప కోతకూ, పత్తి తీతకూ పోయే ఆడవాళ్లు తడిజుట్టే ముడేసుకుని, పైన గుడ్డ కట్టుకుని చేలోకి దిగారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడిలో ఇచ్చే తలనీలాలు వేలంలో అమ్ముడవుతాయి. తల మీంచి దిగిన జుట్టుకు ధర ఉంది. తల మీదున్న జుట్టు ఆరే గంటకు మాత్రం లేదు.

ఫ్రాన్సులో గొడెఫ్రా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సెలూన్ కోసం చేసిన యంత్రం, 1920ల నాటికి చేతిలో పట్టే హెయిర్ డ్రయ్యర్ అయింది. అది మా ఇళ్లకు చేరేసరికి ‘జుట్టు పాడైపోతుంది’ అన్న హెచ్చరిక కూడా వచ్చింది. అందులో కొంత నిజముంది. 2011లో కొరియా పరిశోధకులు వెంట్రుకలను ముప్పైసార్లు కడిగి ఆరబెట్టి చూశారు. డ్రయ్యర్‌ను 5 సెంటీమీటర్ల దూరంలో పెడితే వేడి 95 డిగ్రీలు, 15 సెంటీమీటర్లలో 47 డిగ్రీలు. దగ్గరయ్యేకొద్దీ పైపొర దెబ్బతింది. కానీ గాలికి వదిలేసిన జుట్టులో లోపలి కణాలను అంటిపెట్టే పొర దెబ్బతింది. ఎక్కువసేపు తడిగా ఉండటమే దానికి కారణం కావచ్చన్నారు. 15 సెంటీమీటర్ల దూరంలో, ఆపకుండా కదిపిన డ్రయ్యరే మేలని తేల్చారు.

కాబట్టి చేయాల్సింది కష్టమేమీ కాదు. తువ్వాలుతో రుద్దకుండా అద్దాలి. తడి వెంట్రుక సాగి తెగుతుంది కనుక సన్నపళ్ల దువ్వెన పెట్టకూడదు. డ్రయ్యర్ ఆరంగుళాల ఎడంలో, ఒకేచోట నిలపకుండా కదుపుతూ, కాస్త చెమ్మ ఉండగానే ఆపాలి.

దీనికి కావాల్సింది పావుగంట. నందిగామ నుంచి బెజవాడ బస్సు పట్టుకుని ఉద్యోగానికి పోయిన ఏళ్లలో నాకు ఆ పావుగంట లేదు. పొయ్యి, క్యారేజీలు, పిల్లల జడలు అయ్యాక తడిజడే మిగిలేది. ఆరనిద్దామంటే ‘జుట్టు విరబోసుకుని తిరగడమేంటి’ అనేవాళ్లు. జుట్టు జాగ్రత్తల గురించి మనకు సలహాలు చెప్పేవాళ్లు చాలామందే. ఆ పావుగంట పొయ్యి దగ్గర ఎవరు నిలబడతారో కూడా చెప్పినప్పుడే ఆ సలహాకు అర్థం.