సంఘం పుస్తకంలో పేరు, ఓటరు జాబితాలో పేరు

మన సంఘం పుస్తకంలో ప్రతి సభ్యురాలి పేరూ ఉంటుంది. ఓటరు జాబితాలో కూడా ఉందా? ఎనభై ఏళ్ల కిందట అమెరికా కార్మిక సంఘాలు తమ సభ్యులను ఇదే ప్రశ్న అడిగాయి. ఆ చరిత్ర మనకూ పనికొస్తుంది.

1940 అధ్యక్ష ఎన్నికల్లో అక్కడ దాదాపు 5 కోట్ల మంది ఓటేశారు. 1942 చట్టసభ ఎన్నికలకు సుమారు 2.8 కోట్ల మందే వచ్చారు. అధ్యక్షుడి ఎన్నిక లేని ఏడాది జనం తగ్గడం మామూలే. కానీ అది యుద్ధకాలం. లక్షల మంది సైన్యంలోకి పోయారు. ఇంకెందరో ఓడలు, విమానాలు తయారయ్యే ఊళ్లకు పనికోసం వలసపోయారు. కొత్త చోట ఓటు రావాలంటే చాలా రాష్ట్రాల్లో ఏడాది కాపురం ఉండాలి. దక్షిణాదిన కొన్ని రాష్ట్రాల్లో ఓటుకు పన్ను కూడా కట్టాలి. పేదలు, నల్లజాతివారు అక్కడే ఆగిపోయారు. అలా ఏర్పడిన సభ, బొగ్గు గనుల సమ్మె తర్వాత, 1943 జూన్‌లో స్మిత్-కానలీ చట్టం తెచ్చింది. సమ్మెలకు అడ్డుకట్ట పడింది. సంఘాల నిధులు ఎన్నికల్లో అభ్యర్థులకు ఇవ్వకూడదన్నారు.

మరుసటి నెలలోనే సి.ఐ.ఓ. అనే కార్మిక సంఘాల సమాఖ్య ఒక రాజకీయ కమిటీ పెట్టింది. దాని అధ్యక్షుడు దుస్తుల కార్మికుల నాయకుడు సిడ్నీ హిల్‌మన్. సభ్యులు ఇష్టంగా ఇచ్చే ఒక్కో డాలరు పోగుచేశారు. ఇల్లిల్లూ తిరిగి పేర్లు నమోదు చేయించారు. ధరలు, కూలి, యుద్ధం ముగిశాక ఉద్యోగాలు – ఇవి ఓటుతో ఎలా ముడిపడ్డాయో తేలిక మాటల్లో, బొమ్మలతో చిన్న పుస్తకాలు పంచారు. ఈ పనిలో ఆడవాళ్లూ ముందు నిలిచారు.

1944లో దాదాపు 4.8 కోట్ల మంది ఓటేశారు. కమిటీ బలపరిచిన రూజ్‌వెల్ట్ నాలుగోసారి గెలిచారు. 1946లో మాత్రం పోలింగ్ మళ్లీ తగ్గింది, సభ ప్రత్యర్థుల చేతికి పోయింది. 1947లో సంఘాలను మరింత కట్టడిచేసే టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం వచ్చింది. ఒక ఎన్నికకు చేసిన కష్టం తర్వాతి ఎన్నికకు సరిపోదు.

మన దేశంలోనూ పేరు కోసం అమ్మలు నష్టపోయారు. 1951-52 తొలి ఎన్నికలప్పుడు సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలోంచి పోయారు. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అన్నారే గానీ సొంత పేరు చెప్పలేదు. ఓటు చట్టంలో ఉంది, చేతికి అందలేదు.

ఆ కమిటీ ఒక పక్షాన నిలబడింది. మనం ఏ పార్టీకీ చెందం, ఎవరికి వేయాలో ఎవరికీ చెప్పం. కానీ పేరు చూసుకోవడం మన పనే. గ్రామ సంఘం సమావేశంలో పొదుపు పుస్తకం పక్కన ఓటరు జాబితా పెట్టుకుందాం. 18 నిండిన కూతుళ్లు, కోడళ్ల చేత ఫారం 6 నింపిద్దాం. పనికోసం ఇల్లు మారిన అక్కచెల్లెళ్లకు ఫారం 8 గురించి చెబుదాం. వాయిదా ఎవరు కట్టలేదో ఎలా చూస్తామో, జాబితాలో ఎవరు లేరో అలాగే ఏటా చూద్దాం.