మన్యంలో చలికాలం: ఆశ్రమ పాఠశాలలు, గిరిజన కుటుంబాలలో ముందస్తు సన్నద్ధత

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, చింతపల్లి, అరకులోయ ప్రాంతాలలో ఏటా నవంబరు నుండి ఫిబ్రవరి తొలి రోజుల వరకు చలి తీవ్రంగా ఉంటుంది. సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున గల లంబసింగికి 'కొర్రబయలు' అని మరో పేరు. రాత్రివేళ ఆరుబయట ఉండిపోయినవారు తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతారని స్థానికులు దానికి అర్థం చెబుతారు. జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు పూర్వపు వివరాలు కోరే పాత్రికేయులు ఈ మండలాలను విశాఖపట్నం జిల్లా కింద చూడవలసి ఉంటుంది.

లంబసింగి మంచు అందాలను తిలకించే పర్యాటకుల ఛాయాచిత్రాలు ప్రతి శీతకాలంలోను పత్రికలలో వస్తున్నవే. అదే వేకువజామున ఆశ్రమ పాఠశాలలలో పిల్లలు నిద్ర లేచి స్నానాలకు వరుస కడతారు. వార్తకు తగిన విషయం అక్కడ కూడా ఉన్నది.

ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉన్న రాత్రులలో నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలుల నుండి లోయలలోకి దిగి నిలిచిపోతుంది. ఉష్ణోగ్రత అతి తక్కువకు చేరేది సాధారణంగా సూర్యోదయ సమయానికే. వేడినీటి సదుపాయం లేని వసతిగృహాలలో స్నానాన్ని ఎండ వచ్చిన తరువాతకు, అవసరమైతే సాయంత్రం బడి విడిచిన వేళకు మార్చడానికి ప్రత్యేక వ్యయమేదీ అవసరం లేదు.

దుప్పట్ల పంపిణీలో సాధారణంగా విస్మరింపబడే అంశం ఒకటి కలదు. సిమెంటు నేల శరీరంలోని వేడిని నేరుగా లాగివేస్తుంది. పైన రెండు రగ్గులు కప్పుకొన్నా కింద పలుచని చాప మాత్రమే ఉంటే పిల్లవాడు వణకక తప్పదు. దుప్పట్ల సంఖ్యతో పాటు పరుపులు, జంపఖానాల సంఖ్యను, విరిగిన కిటికీ తలుపులను కూడా అధికారులు తనిఖీలలో నమోదు చేయవలసి ఉన్నది. చలి ముదిరిన పిమ్మట ఇండెంట్లు పంపితే సరుకు సంక్రాంతికి గాని చేరదు. దుప్పట్లు పంచుకొన్నచోట గజ్జి వ్యాపిస్తుంది. ఒకరికి సోకితే ఆ గదిలోని వారందరికీ ఒకేసారి చికిత్స చేయించి, పక్కబట్టలను వేడినీటిలో ఉతికించాలి.

భారత వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం మైదాన ప్రాంతాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటె తక్కువగా ఉండి, సాధారణం కంటె 4.5 నుండి 6.4 డిగ్రీల వరకు తగ్గినప్పుడు శీతలగాలులుగా పరిగణిస్తారు. పర్వత ప్రాంతాలకు ఈ పరిమితి సున్నా డిగ్రీలు. కావున అధికారిక ప్రకటన కొరకు వేచియుండుట మన్యంలో సరికాదు.

కాఫీ పండ్ల కోత కూడా ఈ నెలలలోనే సాగుతుంది. తల్లిదండ్రులు వేకువనే తోటలకు వెళ్ళగా చిన్నపిల్లలు ఇంటివద్ద చలిమంట చెంత మిగిలిపోతారు. కాలిన గాయాలకు ఇదొక కారణం. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి ఉంచుకొని నిద్రించడం మరింత ప్రమాదకరం. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. నిద్రలోనే ప్రాణం పోవచ్చును. పడుకొనే ముందు కుంపటిని వెలుపల ఉంచాలని ఆశా కార్యకర్తలు గడపగడపకు తెలియజేయాలి.

నవజాత శిశువుకు పుట్టిన తరువాత కనీసం 24 గంటల వరకు స్నానం చేయించరాదు. తలకు టోపీ తొడిగి తల్లి ఎదకు ఆనించి ఉంచాలి. న్యుమోనియా టీకా 6 వారాలు, 14 వారాలు, 9 నెలల వయస్సులో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా వేస్తారు.

దగ్గు, జలుబుతో ఉన్న బిడ్డ శ్వాసను నిమిషం పాటు లెక్కించాలి. 2 నెలల లోపు శిశువులో 60, సంవత్సరం లోపు 50, 5 సంవత్సరాల లోపు 40, అంతకు మించి ఉన్నచో న్యుమోనియాగా అనుమానించి వైద్యునికి చూపించాలి. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోనికి పోవుట, పాలు త్రాగకపోవుట, ఒళ్ళు చల్లబడుట కనిపించినచో తెల్లవారే వరకు ఆగక 108కి ఫోను చేయాలి. వాహనం రాలేని గూడెంలో బిడ్డను తల్లి ఒంటికి హత్తుకొని, పైన దుప్పటి కప్పి రహదారి వరకు తీసుకొని రావలసి ఉంటుంది.