పత్రం వెనక్కి చూసిన జడ్జి

1875 మే నెలలో పుణె జిల్లాలోని సూపే అనే ఊళ్ళో రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడ్డారు. వాళ్ళు ముఖ్యంగా వెతికింది డబ్బు కోసం కాదు, కాగితాల కోసం. అప్పు పత్రాలు, పద్దు పుస్తకాలు దొరికినవి దొరికినట్టు తగలబెట్టారు. ఆ మంట అహ్మద్‌నగర్ జిల్లా ఊళ్ళకీ పాకింది. చరిత్ర పుస్తకాల్లో వీటినే దక్కన్ అల్లర్లు అంటారు.

కాగితం మీద అంత కోపం ఎందుకు? అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో ఇక్కడి పత్తికి మంచి ధర పలికింది, అప్పులూ సులువుగా పుట్టాయి. యుద్ధం అయిపోయాక ధర కూలింది, శిస్తు మాత్రం పెరిగింది. చదువు రాని రైతు నిశానీ పెట్టేవాడు. వాయిదా దాటితే అసలూ వడ్డీ కలిపేసి కొత్త పత్రం రాయించేవారు. కేసు పడ్డాక రైతు కోర్టుకి రాలేకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ. కోర్టు చూసేది ఒక్కటే: పత్రం ఉందా, లేదా? దాని వెనక ఏం జరిగిందో అడిగే పని దానికి లేదు.

సరిగ్గా ఆ రోజుల్లో పుణె కోర్టులో సబార్డినేట్ జడ్జిగా పనిచేస్తున్నాడు మహదేవ్ గోవింద్ రానడే. 1842లో నాసిక్ జిల్లా నిఫాడ్‌లో పుట్టాడు. బొంబాయి విశ్వవిద్యాలయం తొలి పట్టభద్రుల్లో ఒకడు. 1871లో పుణెకి వచ్చాడు. పగలు కోర్టు, మిగతా సమయమంతా ఊరి పని. అంతకు ముందు ఏడాదే మొదలైన పుణె సార్వజనిక సభకి పేరు పెద్దగా బయటికి రాకుండా బుర్రగా ఉన్నది ఆయనే. రైతుల స్థితి గురించి వివరాలు పోగుచేయడం, సర్కారుకి అర్జీలు రాయించడం, 1876-78 కరువులో జనం ఎలా ఉన్నారో నమోదు చేయడం... ఆ సభ చేసిన పనుల్లో ఇవి కొన్ని. ప్రార్థనా సమాజం పని ఇంకోవైపు.

సర్కారు జీతం తీసుకుంటూ సర్కారుని ప్రశ్నలు అడిగే జడ్జిని పైవాళ్ళు ఎంతకాలం భరిస్తారు? 1879లో వాసుదేవ్ బల్వంత్ ఫడ్కే తిరుగుబాటు జరిగింది. పుణె విద్యావంతులందరి మీదా అనుమానం పడింది. అప్పటికే నాసిక్‌కి బదిలీ చేసిన రానడేని అక్కణ్ణించి ధూలేకి పంపారు. ఆయనకొచ్చే ఉత్తరాలు విప్పి చూసేవారు.

చిత్రం చూడండి. అదే 1879లో దక్కన్ రైతుల రుణ ఉపశమన చట్టం వచ్చింది. పుణె, సతారా, సోలాపూర్, అహ్మద్‌నగర్ జిల్లాలకి వర్తించే ఈ చట్టం కోర్టుకి కొత్త పని పెట్టింది: పత్రంలో రాసిన అంకెతో ఆగిపోకుండా ఆ అప్పు మొదలైన రోజు నుంచి లెక్క తిరగతోడాలి. అప్పుకోసం రైతుని జైల్లో పెట్టకూడదు. కోర్టుకెళ్ళే ముందు ఊళ్ళోనే రాజీకి ప్రయత్నించాలి. 1881లో ఈ చట్టం అమలు చూసే సహాయ ప్రత్యేక న్యాయమూర్తిగా వేసింది ఎవర్నో కాదు, రెండేళ్ళ కిందట అనుమానించిన ఆ రానడేనే! ఊరూరా తిరిగి కింది కోర్టుల రికార్డులు తనిఖీ చేయడం ఆయన ఉద్యోగమైంది. 1887లో ప్రత్యేక న్యాయమూర్తి, 1893లో బొంబాయి హైకోర్టు జడ్జి అయ్యాడు.

ఇంతవరకూ చెప్పి ఆపితే అది సన్మానపత్రం అవుతుంది. రానడే పద్దులో ఖర్చు వైపూ చూడాలి.

వితంతు వివాహాల కోసం నిలబడ్డ ఈ మనిషి, 1873లో మొదటి భార్య చనిపోతే, తండ్రి మాట కాదనలేక పదకొండేళ్ళ పిల్లని చేసుకున్నాడు. ఆయనకప్పుడు ముప్పై ఒకటి. 1890లో పుణెలోని పంచ్ హౌద్ మిషన్‌లో ఒక సభకి వెళ్ళినవాళ్ళకి టీ ఇచ్చారు. క్రైస్తవుల దగ్గర టీ తాగడమా అని ఊరు ఊరంతా గొడవ. వెలి భయం స్నేహితుల ఇళ్ళను చీలుస్తుంటే, 1892లో రానడే ప్రాయశ్చిత్తానికి ఒప్పుకున్నాడు. 1895లో పుణె కాంగ్రెస్ పందిట్లో సంఘ సంస్కరణ సభ పెట్టనివ్వం అని తిలక్ వర్గం పట్టుబడితే, పోట్లాడకుండా వేరేచోట పెట్టుకున్నాడు. 1887లో మన మద్రాసులో మొదలైన సభ అది. ఆయన ప్రాణంపెట్టి పెంచిన సభ.

పిరికితనమేనా ఇదంతా? కొంత అవును, నా దృష్టిలో. పదకొండేళ్ళ పిల్ల విషయంలో అయితే ఏ సమర్థనా నిలబడదు. అయితే అప్పు విషయంలో ఆ చట్టం చెప్పిందే మనిషికీ వర్తిస్తుంది కదా, లెక్క ఒక్క కాగితంతో తేలదు. ఆ పిల్లకి పెళ్ళయిన వెంటనే చదువు మొదలుపెట్టించాడు. ఇంట్లో ఆడవాళ్ళ ఎత్తిపొడుపులు భరించింది మాత్రం ఆయన కాదు, ఆమే. ఆమే రమాబాయి రానడే. తర్వాత పుణె సేవాసదన్ నడిపింది. భర్త గురించి మరాఠీలో జ్ఞాపకాలు రాసింది. ఆయన మెత్తదనం మనకి ఇంత దగ్గరగా తెలిసింది ఎక్కువగా ఆమె రాయబట్టే. 1884లో పుణెలో మొదలై నేటికీ నడుస్తున్న హుజూర్‌పాగా ఆడపిల్లల బడి వెనకా రానడే ఉన్నాడు.

1901 జనవరి 16న, యాభై తొమ్మిది నిండడానికి రెండు రోజుల ముందు, ఆయన పోయాడు. 1943లో ఆయన జయంతికి పుణెలో ప్రసంగించింది అంబేద్కర్. మొహమాటానికి పొగిడే మనిషి కాదు. గాంధీ, జిన్నాల పక్కన నిలబెట్టి రానడేని తూచాడు, సమాజాన్ని మార్చడం రాజకీయంకన్నా కష్టమైన పని అన్న కోణంలో ఆయనకి పెద్దపీట వేశాడు.

సూపే రైతులు కాగితాలు తగలబెట్టారు. రానడే ఆ కాగితాలు ముందేసుకుని ఒక్కొక్క పద్దూ చదివాడు. మొదటిది లేకపోతే సర్కారు ఆ చట్టం తెచ్చేది కాదు. రెండోది లేకపోతే ఆ చట్టమూ ఇంకో కాగితంగానే మిగిలేది.