వెనక్కు జరిగిన ఉపసర్గ

తెలుగు పండితునికి ఇంగ్లీషు క్రియలతో పనేమిటని మిత్రులు అడుగవచ్చును. బడిలో తెలుగు చెప్పినన్నాళ్లూ పక్క గదిలోని ఇంగ్లీషు పాఠం నా చెవిని పడుతూనే ఉండేది. పిల్లలను ఏడిపించినవి పెద్ద పదాలు కావు. గివ్, టేక్, పుట్, లుక్ వంటి పిట్ట క్రియలు. ‘గివ్’ అంటే ఇచ్చుట, ‘అప్’ అంటే పైకి. కాని ‘గివ్ అప్’ అంటే పైకి ఇచ్చుట కాదు, వదులుకొనుట. ‘పుట్ అవుట్’ ఆర్పివేయుట, ‘పుట్ అప్ విత్’ ఓర్చుకొనుట. వీటినే ఫ్రేజల్ వెర్బులంటారు. వీటికి తర్కం లేదు, బట్టీ పట్టవలసిందే అన్నది బళ్లలో స్థిరపడిన మాట. చరిత్ర చూస్తే అది పూర్తిగా నిజం కాదనిపిస్తుంది.

మన వ్యాకరణం నుంచే మొదలుపెడదాం. ‘హృ’ ధాతువు ఒక్కటే. ఉపసర్గలు చేరగా ఆహారం, విహారం, ప్రహారం, సంహారం, పరిహారం అయినది. తినడం నుంచి చంపడం దాకా అర్థం మారిపోయింది. ఉపసర్గకు సొంత అర్థం ఉన్నదా అనే విషయంలో శాకటాయనుడొక మాట, గార్గ్యుడొక మాట అన్నట్లు యాస్కుని నిరుక్తం చెబుతుంది. ఇంగ్లీషు ‘అప్’ గురించీ అదే వాదం చేసుకోవచ్చును. మరొక విశేషం. లౌకిక సంస్కృతంలో ఉపసర్గ ధాతువుకు ముందే ఉండాలి. వేదంలో మాత్రం తరువాత రావచ్చు, నడుమ వేరే పదం దూరవచ్చు. పాణిని దీనిని వరుసగా మూడు సూత్రాలలో చెప్పాడు. అంటే మన ఉపసర్గ మొదట స్వేచ్ఛగా తిరిగి, తరువాత క్రియకు అతుక్కుపోయినది.

ఇంగ్లీషులో నడక సరిగ్గా ఎదురు. ప్రాచీన ఇంగ్లీషులో ఈ అవ్యయాలు తరచు క్రియకు ముందే ఉండేవి. ఫర్గివ్, అండర్‌స్టాండ్, విత్‌స్టాండ్ ఆనాటి మిగులు. అప్పట్లో ‘విత్’ అంటే ‘ఎదురుగా’. కనుకనే విత్‌స్టాండ్ అంటే ఎదిరించి నిలుచుట. క్రమంగా ఆ ముందు అవ్యయాల బలం తగ్గి, వెనుక వచ్చేవాటి బలం పెరిగింది. 9వ శతాబ్ది నుంచి ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాలలో స్థిరపడిన స్కాండినేవియా వారి నార్సు భాషలో అవ్యయం క్రియకు వెనుక రావడమే వాడుక. ఆ సాంగత్యం ఇందుకు తోడ్పడిందని పలువురు భాషావేత్తల అభిప్రాయం. పీటర్‌బరో మఠంలో వ్రాసిన చరిత్రలో 1132వ సంవత్సరం కింద, ఒక మఠాధిపతి పదవిని వదులుకొనే సందర్భంలో, ‘గివ్ అప్’ పాత రూపంలో కనిపిస్తుంది.

ఈలోగా 1066లో నార్మన్లు వచ్చారు. కొలువులో ఫ్రెంచి, చర్చిలో లాటిను. కాలక్రమాన సరెండర్, టాలరేట్, ఎక్స్‌టింగ్విష్ వంటి మాటలు ఆ రెండు భాషల నుంచి చేరాయి. వంటింట్లో, పొలంలో మాత్రం గివ్ అప్, పుట్ అప్ విత్, పుట్ అవుట్ నిలిచాయి. ఇది మనకు కొత్తా? పరిత్యజించు, సహించు అన్నవి సభలో మాటలు. విడిచిపెట్టు, ఓర్చుకొను అన్నవి ఇంటి మాటలు. గమనించండి, ఇంటి మాటలు మనకూ జంటలే! ‘తినివేయు’లో వేయుట ఎక్కడున్నది? పని పూర్తయినదని చెప్పడానికే అది వచ్చింది. ‘ఈట్ అప్’లోని ‘అప్’ చేసే పనీ అదే.

విదేశీయులకు ఇవి కష్టమని ఇంగ్లీషువారికి తెలియకపోలేదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు పీఠికలో ఆ మాటే చెప్పి, వీటిని శ్రద్ధగా సేకరించానన్నాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ గ్రంథంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు.

మన దేశంలో 1835 తరువాత బలపడిన ఇంగ్లీషు చదువు ప్రధానంగా గ్రంథాల చదువు. మిల్టన్, అడిసన్, జాన్సన్ మన కళాశాలలకు వచ్చారు గాని, ఇంగ్లీషువాడి వంటిల్లు రాలేదు. అందుకే మన పిల్లవాడికి ‘టాలరేట్’ సులువు, ‘పుట్ అప్ విత్’ గండం.

నా శిష్యుడొకడు విదేశంలో ఉద్యోగానికి చేరి, ఫలానా ఏట ‘పాస్ అవుట్’ అయ్యానన్నాడట. అక్కడివారికి అతడు స్పృహ తప్పి పడిపోయినట్లు వినిపించింది. నవ్వారు. ఆ తరువాత కొన్ని నెలలపాటు సమావేశాలలో నోరు విప్పలేదని చెప్పాడు. తెలివైన కుర్రవాడు రెండక్షరాల అవ్యయానికి జడిసి మూగవాడయ్యాడు. నిజానికి బ్రిటిషు సైనిక శిక్షణ ముగింపు కవాతు పేరే ‘పాసింగ్ అవుట్ పరేడ్’. అతని వాడుక నిరాధారం కాదు. బస చేయుట అనే అర్థంలో మనవాళ్లు వాడే ‘పుట్ అప్’ కూడ బ్రిటనులో పాతబడిన వాడుకే. అయితే ‘కోప్ అప్ విత్’, ‘డిస్కస్ అబౌట్’ అన్నవి ప్రామాణిక ఇంగ్లీషులో తప్పులే. ‘కోప్ విత్’ చాలు, ‘డిస్కస్’ చాలు.

సరిగా వాడడానికి నాకు తోచిన ఉపాయాలు రెండు. మొదటిది, సర్వనామం చోటు. ‘పుట్ ఆఫ్’ వంటి వాటిలో ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలి, ‘పుట్ ఆఫ్ ఇట్’ అనరాదు. ‘లుక్ ఆఫ్టర్’లో మాత్రం ‘లుక్ ఆఫ్టర్ హిమ్’ అనే అనాలి. మొదటి రకంలో అవ్యయం క్రియకు చెందినది, సాధారణంగా ఊనిక దానిమీదే పడుతుంది; రెండవదానిలో అది నామానికి ముందు నిలిచే విభక్తి వంటిది. రెండవ ఉపాయం, జాబితాగా కాక వాక్యంగా నేర్వడం. దీపంతో పాటు ‘పుట్ అవుట్’, అలవాటుతో పాటు ‘గివ్ అప్’.

‘కొట్టిపారేయడం’లో పారవేసినదేమిటని మన భాష నేర్చుకొనే పరాయివాడు అడిగితే మనం నవ్వము, ఓపికగా వివరిస్తాము. మన పిల్లలకు వారి ఇంగ్లీషు దగ్గర దక్కవలసినదీ ఆ ఓపికే.