మధ్యలో వాళ్ళమ్మ ఏం చేసింది?

2025 అక్టోబర్ 12న విశాఖపట్నం స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరు పెట్టారు. ఆ రోజే అక్కడ మహిళల ప్రపంచ కప్పులో ఇండియాకీ ఆస్ట్రేలియాకీ మ్యాచ్. మనవాళ్ళు 330 పరుగులు చేసి కూడా ఓడిపోయారు. ఇంకో ఓవర్ మిగిలుండగానే ఆస్ట్రేలియా కొట్టేసింది. అంతకు మూడు రోజుల ముందు అదే మైదానంలో దక్షిణాఫ్రికా చేతిలోనూ ఓటమే. నా వెనక వరసలో నలుగురు కుర్రాళ్ళు కూర్చున్నారు, ఇంజనీరింగ్ చదివే వయసు.

“అయిదుగురు బౌలర్లతో ఎవరైనా ఆడతారా? ఆరో బౌలర్ ఏదిరా?”

“హర్మన్ పనైపోయింది. కెప్టెన్ కాబట్టి మోస్తున్నారు.”

“మన కడప పిల్ల మూడు వికెట్లు తీసింది కాబట్టి ఇంతసేపు ఆడాం.”

నేను ఆట చూడడం మానేసి ఈ మాటలు వింటున్నాను. ఓడిపోతున్న బాధలోనూ నాకు లోపల ఏదో సంతోషంగా ఉంది. అప్పుడు నాలుగోవాడు అన్నాడు, “వీళ్ళందర్నీ వంటింటికి పంపెయ్యాలిరా.” వెనక్కి తిరిగి చూశాను. వాడు ఫోన్లోకి తల దించుకున్నాడు.

మొదటి మూడు మాటలూ తిట్లే, నాలుగోదీ తిట్టే. మరి మొదటి మూడూ నాకెందుకు తియ్యగా ఉన్నాయి, నాలుగోది ఎందుకు గుచ్చుకుంది? తిట్ల గురించి ఆలోచించడం నాకు వృత్తి. నా పిహెచ్‌డి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు వియ్యపురాలిని ఎగతాళి చేస్తూ పాడే పాటల మీద. అయిదేళ్ళు తిట్లు ఏరుకుంటూ తిరిగాను. అయినా, తిట్టు గురించి నన్ను మొదట ఆలోచింపజేసింది పెళ్ళిపాట కాదు, క్రికెట్టే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, క్రికెట్ గురించి మగవాళ్ళు వాదించుకుంటుంటే మా అమ్మ అడిగిన ఒక ప్రశ్న.

2008 జనవరి. నేను డిగ్రీలో ఉన్నాను. విద్యానగర్‌లో మా ఇంటి ముందుగది సాయంత్రమైతే నాన్న, బాబాయి, పై వాటాలో ఉండే అంకుల్, ఆయన కొడుకు, వీళ్ళ వాదనలతో నిండిపోయేది. ఎవరిని జట్టులోంచి తీసెయ్యాలి, ఎవరు ముసలివాడయ్యాడు, అంపైర్ ఎవరికి అమ్ముడుపోయాడు. అమ్మకి ఆ గదిలో చోటు లేదనను, ఉంది. ట్రే పట్టుకుని వచ్చి వెళ్ళేంత చోటు.

ఆ నెల వాదనంతా సిడ్నీ టెస్టు గురించే. హర్భజన్ సింగ్ ఆండ్రూ సైమండ్స్‌ని కోతి అన్నాడని ఆరోపణ. మ్యాచ్ రిఫరీ మూడు టెస్టుల నిషేధం వేశాడు. అప్పీలు న్యూజీలాండ్ న్యాయమూర్తి జాన్ హాన్సెన్ ముందుకి వెళ్ళింది. జనవరి 29న అడిలైడ్‌లో విచారణ. మనవాళ్ళ వాదన ఇది: హర్భజన్ కోతి అనలేదు, హిందీలో తల్లిని తిట్టాడు, ఆ హిందీ మాట వాళ్ళ చెవులకి ‘మంకీ’లా వినిపించింది. జాతి దూషణ రుజువు కాలేదన్నారు. నిషేధం పోయింది, బూతు మాటకి మ్యాచ్ ఫీజులో సగం జరిమానా పడింది.

మా ముందుగదిలో పండగ. “చూశావా, అన్నది కోతి కాదు! మామూలు తిట్టు!” అని బాబాయి తొడ చరిచాడు. అమ్మ అప్పుడే ట్రేతో వచ్చింది. ఏమైందని అడిగింది. బాబాయి కాస్త సిగ్గుపడుతూ, అసలు మాట మింగేసి, విషయం చెప్పాడు. అమ్మ కప్పు అందిస్తూ అడిగింది. “వాళ్ళిద్దరూ కొట్టుకుంటే మధ్యలో వాళ్ళమ్మ ఏం చేసిందిట?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు, ఖాళీ ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ నవ్వు నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. న్యాయంగా చెప్పాలంటే, హాన్సెన్ తల్లిని తిట్టడం తప్పు కాదనలేదు. దాన్ని ‘మామూలు’ చేసింది మన ముందుగదులు. జాతి దూషణ పెద్ద నేరమన్నది నిజమే, కావాలి కూడా. 2007 అక్టోబర్‌లో వడోదరలో, ముంబయిలో సైమండ్స్‌ని చూసి కోతి అరుపులు అరిచింది మన ప్రేక్షకులే. మనిషిని పశువు పేరుతో పిలిచే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో కులం తెలిసిన దేశానికి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఒక అవమానంలోంచి బయటపడ్డానికి ఇంకో అవమానాన్ని సాక్ష్యంగా తేవడం, అది విని కోట్లమంది ఊపిరి పీల్చుకోవడం, దీన్ని ఏ చరిత్రలో రాయాలి?

నా పాటల్లో వియ్యపురాలిని ఎన్ని మాటలంటారో! తిండిపోతంటారు, పీనాసంటారు, ఇంకా ఇక్కడ రాయలేనివీ అంటారు. కానీ వియ్యపురాలు ఎదురుగా పీట మీద కూర్చుని ఉంటుంది. ఆవిడ తరఫువాళ్ళకి వంతు వస్తుంది, వాళ్ళూ రెట్టించి పాడతారు. తిట్టుకి ఒక మొహం ఉంది, జవాబుకి చోటుంది. మైదానంలో తిట్లు తినే తల్లి అక్కడ లేదు. ఆవిడ పేరు కూడా ఎవరికీ తెలియదు. 2006 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఫైనల్లో జిదాన్ తలతో మాటెరాజీ గుండె మీద గుద్దితే, ఆ గొడవ మధ్యలోనూ ఉన్నది ఒక అక్కో చెల్లెలో. మాట అన్నవాడూ మగవాడే, పౌరుషం చూపినవాడూ మగవాడే. “అది తిట్టు కాదే, ఊతపదం” అని బాబాయి తరవాత నాకు నచ్చజెప్పాడు. ఊతకర్ర ఎవరి వీపు మీద ఆనిందో ఊతం తీసుకున్నవాడికి తెలియదు కదా.

సుమారు మూడు వారాలకి, ఫిబ్రవరి 20న, ముంబయిలో ఐపిఎల్ మొదటి వేలం జరిగింది. సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొన్నది ఎవరనుకున్నారు? మన హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్. ధోనీ తరవాత ఆ రోజు అంత ధర పలికినవాడు లేడు. నెల క్రితం వరకూ శత్రువైనవాడు ‘మనవాడు’ అయిపోయాడు. ఏప్రిల్ 24న రాజస్థాన్ మీద అతను 117 కొడితే బాబాయి గదిలో గంతులేశాడు. ఆ మ్యాచ్ కూడా ఓడిపోయామనుకోండి. 2022 మేలో సైమండ్స్ కారు ప్రమాదంలో చనిపోయినప్పుడు “మన సైమండ్స్ పోయాడే” అని ఫోన్ చేశాడు. అతని గొంతులో నిజమైన దుఃఖముంది.

అభిమానం ఇంత తేలిగ్గా చేతులు మారుతుందని నేను ఎగతాళి చెయ్యడం లేదు. నాకు అది బాగానే అనిపిస్తుంది. లక్ష్మణ్ విషయం చూడండి. జట్టు చేతిలో డబ్బు మిగలాలని ఐకాన్ హోదా వదులుకుని 3.75 లక్షల డాలర్లకి ఆడాడు. మొదటి ఏడు 14 మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున ఉన్నాం. 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచాం. 2011లో లక్ష్మణ్ కోచికి వెళ్ళిపోయాడు. “ఇంటి పిల్లవాణ్ణి పంపించేస్తారా?” అని నాన్న, “ఇరవై ఓవర్ల ఆటకి ఆ మణికట్టు పనికిరాదు” అని బాబాయి. రెండు నెలలు నడిచిన ఆ వాదనలో ప్రేమ ఉంది, లెక్క ఉంది, జ్ఞాపకం ఉంది. ఒక మనిషి ఆటని అంత శ్రద్ధగా తలుచుకోవడం ఒక గౌరవమే. ఆ గౌరవం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదే నా బాధ.

ఆడవాళ్ళకి దక్కింది వేరేది. 2014లో ఇంగ్లండ్‌లో కోహ్లీ పది ఇన్నింగ్స్‌లో 134 పరుగులే చేశాడు. తప్పు అనుష్కా శర్మది. 2015 మార్చి 26న సిడ్నీ సెమీఫైనల్లో ఒక్క పరుగుకి అవుటయ్యాడు. స్టాండులో కూర్చున్న అనుష్కదే మళ్ళీ తప్పు. ఆఖరికి 2016లో కోహ్లీయే ఆమెని తిట్టేవాళ్ళని సిగ్గుపడమన్నాడు. మనకి ఇది కొత్తా? కోడలు అడుగుపెట్టిన వేళ అంటారు మన వైపు. అమ్మ పెళ్ళయిన నెలకి నాన్నకి దూరానికి బదిలీ అయితే, నాయనమ్మ ఆ మాట ఇరవై ఏళ్ళు అంది. అనుష్కని తిడుతుంటే టీవీ కట్టేసింది అమ్మే.

ఇక ఆడేవాళ్ళ సంగతి. 1978లో ఆస్ట్రేలియా మహిళలు ఇంగ్లండ్‌ని ఓడించి తమ మొదటి ప్రపంచ కప్పు గెలుచుకున్నది ఎక్కడో తెలుసా? మన లాల్ బహదూర్ స్టేడియంలో. ఈ సంగతి నేను ముప్ఫై ఏళ్ళొచ్చాక చదివి తెలుసుకున్నాను. ఏ సంవత్సరం ఏ టెస్టులో ఎవరు ఎంత కొట్టారో నిద్రలో లేపి అడిగినా చెప్పే బాబాయిని అడిగాను. అతను అప్పుడు ఆ చుట్టుపక్కలే చదువుకున్నాడు. “మన ఊళ్ళోనా? ఆడవాళ్ళదా?” అన్నాడు.

2002 ఆగస్టులో టాంటన్‌లో మిథాలీ రాజ్ 214 కొట్టింది. మహిళల టెస్టుల్లో అప్పటికి అదే ప్రపంచ రికార్డు. ఆమెకి పందొమ్మిదేళ్ళు, పెరిగింది సికింద్రాబాద్‌లో, మా ఇంటికి ఎంతో దూరం లేదు. మా ముందుగదిలో ఆ పేరు వినబడిన గుర్తు లేదు. 1973లో పెట్టుకున్న మహిళా క్రికెట్ సంఘం 2006లో బోర్డులో కలిసేదాకా చాలీచాలని డబ్బుతోనే ఆ ఆటని నడిపింది. 2005లో ప్రపంచ కప్పు ఫైనల్ దాకా వెళ్ళిన జట్టుకి మ్యాచ్‌కి వెయ్యి రూపాయలిచ్చారని మిథాలీయే చెప్పింది. డబ్బు లేకపోవడం గురించి ఇప్పుడు అందరూ రాస్తున్నారు. తిట్టేవాళ్ళు లేకపోవడం గురించి ఎవరూ రాయరు. ఫామ్ పోయిందని గొణిగేవాళ్ళు లేరు, ఫలానా అమ్మాయిని ఎందుకు తీసేశారని పళ్ళు కొరికేవాళ్ళు లేరు. సానుభూతి ఉంది, పాపం ఆడపిల్లలని. ఆ సానుభూతి అనాదరానికి పెట్టిన మర్యాదపేరు.

అందుకే 2018 నవంబర్ నాకు చరిత్రలో ఒక మలుపు. టి20 ప్రపంచ కప్పులో పాకిస్తాన్ మీద 56, ఐర్లండ్ మీద 51 చేసిన మిథాలీని ఇంగ్లండ్‌తో సెమీఫైనల్లో కూర్చోబెట్టారు. 112కి అందరూ అవుట్, ఎనిమిది వికెట్లతో ఓటమి. అప్పటికి నేను వేరే ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటున్నాను. పొద్దున్నే బాబాయి ఫోన్. “బుద్ధుందా వాళ్ళకి? ఆ పిచ్ మీద మిథాలీని ఆడించరా?” నేను కావాలనే ఎదురు వాదించాను, ఆమె మెల్లగా ఆడుతుంది, జట్టు సరిగ్గానే చేసిందని. అరగంట పోట్లాడుకున్నాం. నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అతనికి చెప్పలేదు.

అంతా బాగుందనలేను. కెప్టెన్, కోచ్, మిథాలీ మధ్య నడిచిన ఆ వివాదం కొన్ని నోళ్ళలో రెండు రోజులకే సిగపట్లయిపోయింది. మగ ఆటగాళ్ళిద్దరికి పడకపోతే వర్గపోరు అంటాం, వ్యూహభేదం అంటాం. 2022 సెప్టెంబర్‌లో లార్డ్స్‌లో దీప్తి శర్మ, బంతి వెయ్యకముందే క్రీజు దాటిన చార్లీ డీన్‌ని రనౌట్ చేస్తే మోటు ఆట అన్నారు, ఆట స్ఫూర్తి చచ్చిపోయిందన్నారు. నియమం ప్రకారం అది అవుటే. మగవాళ్ళు అలా చేసినా గొడవే, ఒప్పుకుంటాను. కాని ఏడుస్తున్న డీన్ మొహం పక్కన దీప్తి మొహం పెట్టి చూపించిన తీరులో, ఆడపిల్లవై ఉండి ఇంత కఠినమా అన్న దెప్పు నాకు వినిపించింది.

2023 ఫిబ్రవరి 13న మహిళల లీగ్ మొదటి వేలం. సుత్తి పట్టుకున్నది కూడా స్త్రీయే, మల్లికా సాగర్. స్మృతి మంధానని బెంగళూరు 3.4 కోట్లకి తీసుకుంది. అమ్మ టీవీ ముందు కూర్చుని, “ఆడపిల్లల్ని వేలం వెయ్యడం ఏమిటే, వినడానికే బావోలేదు” అంది. 2008లో ఆ మాట ఎవరికీ వినడానికి బాగోకుండా పోలేదు. మగవాడికి ధర పలికితే విలువ, ఆడదానికి పలికితే మన భాషలో ఇంకేదో గుర్తొస్తుంది. ఆ గుర్తు అబద్ధం కాదు, అందుకే అమ్మతో వాదించలేకపోయాను. మంధాన, ఆమె తోటివాళ్ళు దక్షిణాఫ్రికాలో టీవీ ముందు చేరి, తమ ధర తామే చూసుకుని కేకలేస్తున్నారు. ఆ కేకల్లో సిగ్గు లేదు. నాకు ఇబ్బందిగానూ ఉంది, ఈర్ష్యగానూ ఉంది. ఆ రోజు అయిదు నగరాలకి జట్లున్నాయి. హైదరాబాద్ లేదు, విశాఖ లేదు. మిథాలీని కన్న ఊరితో సమానంగా పెంచిన ఊళ్ళో, నాది అని తిట్టుకోవడానికి ఒక ఆడవాళ్ళ జట్టు లేదు.

విశాఖలో ఆ రాత్రి స్టేడియం బయటికి వచ్చేసరికి వెనక వరస కుర్రాళ్ళు నా ముందే నడుస్తున్నారు. ఆరో బౌలర్ గొడవ ఇంకా తెగలేదు. రేణుకని తేవాలంటే ఎవర్ని తియ్యాలి? జెమీమానా? “పిచ్చా నీకు, జెమీని తీస్తావా?” అని అరుస్తున్నవాడు ఎవరా అని చూశాను. వంటింటి మాట అన్నవాడే.

వారం తిరిగేసరికి ఇండోర్‌లో జెమీమాని నిజంగానే తీసేశారు. ఇంగ్లండ్ చేతిలో నాలుగు పరుగులతో ఓడిపోయాం. ఆ రాత్రి బాబాయి ఫోన్ చేశాడు. ఇప్పుడతనికి డెబ్బై దాటాయి, చెవి సరిగ్గా వినబడదు, అందుకని మరీ గట్టిగా అరుస్తాడు. నేనేదో అనబోయేలోపు అమ్మ ఫోన్ లాక్కుంది.

“నువ్వుండవయ్యా. బ్యాటింగ్‌లో ఒకర్ని తగ్గించుకుంటే నాలుగు పరుగులు ఎవరు కొడతారు?”

“అది కాదు వదినా, ఆరో బౌలర్ లేకపోతే...”

“ఉంటే గెలిచారా?”

అవతల బాబాయి మళ్ళీ మొదలుపెట్టాడు. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.